జనరల్ గ్రాంటు

యుద్ధభూమిలో శత్రువును జయించిన సేనానులు చరిత్రలో పెక్కుమంది కలరు. దారిద్ర్యమును, తన పొరపాట్ల ఫలితమును, తుదకు ప్రాణాంతకమైన వ్యాధిని కూడ ధైర్యముతో ఎదిరించి నిలిచినవారు అరుదు. యులిసిస్ గ్రాంటు అట్టివారిలో ఒకడు. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రముల సర్వసేనానియై ఒక మహాయుద్ధమును గెలిచెను. రెండు పర్యాయములు ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. అట్టివాడు వార్ధక్యమున చేతిలో చిల్లిగవ్వ లేని స్థితికి వచ్చి, మరణశయ్యపై కలము పట్టి, తన భార్యాబిడ్డలను పేదరికమునుండి కాపాడెను.

గ్రాంటు 1822 ఏప్రిల్ 27వ తేదీన ఒహైయో రాష్ట్రములోని పాయింట్ ప్లెజెంటు అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి జెస్సీ గ్రాంటు తోళ్ళు పదునుచేయు వ్యాపారి. తల్లి హానా మితభాషిణి, శాంతస్వభావము కలది. గ్రాంటు బాల్యమంతయు జార్జిటౌను అను గ్రామమున గడచెను. తండ్రి కార్ఖానాలోని పచ్చితోళ్ళ వాసన, నెత్తురు చూచినచో బాలునకు కడుపులో త్రిప్పెడిది. ఆ ఏవగింపు ఆయనను జీవితాంతము విడువలేదు. పెద్దవాడైన పిదప కూడ మాంసము బాగుగా మాడినగాని ఆయన ముట్టెడివాడు కాడు. నెత్తురు చూడలేని ఆ బాలుడే ముందు ముందు మహాసేనల నడుపవలసివచ్చుట విధివైపరీత్యము.

బాలునకు గుఱ్ఱములనిన ప్రాణము. ఎట్టి పొగరుబోతు గుఱ్ఱమైనను అతని చేతిలో సాధువయ్యెడిది. అతనికి ఎనిమిదేండ్ల వయసున ఒక పొరుగువాని గుఱ్ఱపుపిల్లపై మనసుపడెను. తండ్రి అతనిని బేరమునకు పంపుచు, మొదట 20 డాలర్లకు అడుగుమనియు, ఒప్పుకొననిచో ఇరువదిరెండున్నర, అప్పటికిని ఒప్పుకొననిచో 25 డాలర్లు ఇమ్మనియు చెప్పెను. బాలుడు వెళ్ళి తండ్రి చెప్పిన మాటలన్నియు ఉన్నవి ఉన్నట్లు అమ్మకందారునకు ఒప్పజెప్పెను. ఇక ఆ గుఱ్ఱమునకు ఎంత వెల పలికెనో చెప్పనక్కరలేదు. ఊరి పిల్లలు ఈ కథ చెప్పుకొని చాలకాలము అతనిని గేలిచేసిరి. కపటమెరుగని ఈ స్వభావము ఆయనకు భూషణమయ్యెను. ఒకనాటికి గొప్ప ఆపదయు అయ్యెను.

పదునేడవ యేట తండ్రి అతనిని వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమునకు పంపెను. అతని అసలు పేరు హైరం యులిసిస్ గ్రాంటు. సిఫారసు చేసిన శాసనసభ్యుడు పొరపాటున యులిసిస్ ఎస్. గ్రాంటు అని వ్రాసి పంపెను. విద్యాలయమువారు ఆ పేరును మార్చుటకు అంగీకరింపలేదు. చివరకు ఆ తప్పు పేరే చరిత్రలో నిలిచినది. 1843లో పట్టము పొందిన 39 మందిలో అతనిది 21వ స్థానము. గణితమునందును, గుఱ్ఱపుస్వారియందును తప్ప ఇతర విషయములలో అతడు గొప్ప ప్రతిభను చూపలేదు. సైన్యములో చిరకాలము ఉండవలెనను కోరికయు అతనికి లేదు.

మొదటి ఉద్యోగము సెయింట్ లూయీ నగరము సమీపమున దొరకెను. విద్యాలయములో తన గదిలో ఉండిన ఫ్రెడరిక్ డెంటు అను మిత్రుని ఇల్లు అచ్చటనే ఉండెను. మిత్రుని చెల్లెలు జూలియాను అతడు అక్కడ చూచెను. 1844లో వారిరువురును వివాహమాడ నిశ్చయించుకొనిరి. కాని మెక్సికో దేశముతో యుద్ధము వచ్చుటచే నాలుగేండ్లు వేచియుండవలసివచ్చెను.

1846 నుండి 1848 వరకు జరిగిన ఆ యుద్ధములో గ్రాంటు సైనికులకు ఆహారము, సామగ్రి సమకూర్చు పనిలో నియమింపబడెను. అయినను పోరు జరుగుచోటికి పోకుండ ఉండలేకపోయెను. మాంటెరే నగరపు వీధులలో పోరాడుచున్న దళమునకు మందుగుండు తరిగిపోగా, ఆ వార్త వెనుకకు అందజేయుటకు గ్రాంటు పూనుకొనెను. గుఱ్ఱము ప్రక్కకు వ్రేలాడుచు, దాని శరీరమునే డాలుగా చేసికొని, గుండ్లవానలో వీధి వెంబడి దూసికొనిపోయెను. ఇంత ధైర్యము చూపినను, బలమైన దేశము బలహీనమైన పొరుగుదేశముపై చేసిన ఆ యుద్ధము అన్యాయమైనదని తుదివరకు ఆయన నమ్మెను. తన గ్రంథమునందును ఆ మాట దాచక వ్రాసెను.

1848 ఆగస్టు 22న గ్రాంటు జూలియాను వివాహమాడెను. వారి అన్యోన్యత ముప్పదియారేండ్లకు పైగా చెక్కుచెదరలేదు. కాని 1852లో ఆయన దళమును పసిఫిక్ సముద్రతీరమునకు పంపిరి. పనామా భూసంధి దాటుచుండగా కలరా సోకి అనేకులు మరణించిరి. గర్భవతియైన భార్యను, పసిబిడ్డను వెంట తీసికొనిపోకుండుట ఎంత మేలయ్యెనో గ్రాంటు అప్పుడు గ్రహించెను. రెండవ కుమారుడు పుట్టిన వార్త ఆయనకు ఎన్నో దినములు గడచినగాని తెలియలేదు. స్వల్పమైన జీతముతో కుటుంబమును అంతదూరము రప్పించుకొను అవకాశము లేదు. చేసిన చిన్న వ్యాపారములన్నియు నష్టపడెను. ఒంటరితనమున మద్యపానమునకు లోబడెనను అపవాదు కూడ వచ్చెను. చివరకు 1854లో ఆయన కాప్టెను పదవికి రాజీనామా ఇచ్చి ఇంటిముఖము పట్టెను.

న్యూయార్కు చేరునప్పటికి ఆయన వద్ద హోటలు బాకీ తీర్చుటకు సొమ్ము లేదు. విద్యాలయమునాటి స్నేహితుడు సైమన్ బక్నరు అప్పుడు ఆ నగరముననే ఉండెను. తండ్రి యొద్దనుండి డబ్బు వచ్చువరకు ఆ బాకీకి తాను పూచీయని బక్నరు హోటలువానితో చెప్పెను. ఆ మేలును గ్రాంటు మరువలేదు.

తరువాతి ఆరేండ్లును కష్టకాలము. మామగారిచ్చిన పొలములో గ్రాంటు స్వహస్తములతో చెట్లు నరికి, దుంగలు చెక్కి ఇల్లు కట్టెను. పంటలు చాలకపోగా కట్టెలు కొట్టి, బండిపై సెయింట్ లూయీ వీధులకు తీసికొనిపోయి అమ్మెను. పాత సైనికోద్యోగులు కొందరు ఆయనను ఆ వేషమున చూచి జాలిపడిరి. 1857లో క్రిస్మసు పండుగకు రెండు దినముల ముందు తన బంగారు గడియారమును 22 డాలర్లకు తాకట్టు పెట్టెను.

జూలియా పుట్టినింటివారు బానిసలను ఉంచుకొన్న భూస్వాములు. వారి మూలమున గ్రాంటునకు విలియం జోన్సు అను బానిస సంక్రమించెను. ఆ దినములలో ఆరోగ్యవంతుడైన బానిసను అమ్మినచో వచ్చు సొమ్ము గ్రాంటు కష్టములను కొంతకాలము తీర్చెడిది. ఇంట నలుగురు పిల్లలు ఉండిరి. చేతిలో డబ్బు లేదు. అయినను 1859 మార్చిలో ఆయన న్యాయస్థానమునకు పోయి, ఏమియు పుచ్చుకొనక జోన్సునకు స్వేచ్ఛనిచ్చు పత్రము వ్రాసి ఇచ్చెను. ఈ పని చేయుమని ఆయనను ఎవరును నిర్బంధింపలేదు. దీనిని చూచి మెచ్చుకొన్నవారును లేరు.

1860లో గ్రాంటు ఇలినాయి రాష్ట్రములోని గలీనా పట్టణమునకు పోయి, చిన్ననాట తాను అసహ్యించుకొన్న తోళ్ళ వ్యాపారముననే, తండ్రి దుకాణమున, తమ్ముల క్రింద గుమాస్తాగా చేరెను. అప్పటికి ఆయనకు 38 ఏండ్లు. జీవితమున ఏమియు సాధింపలేకపోయెనని ఎరిగినవారందరును తలచుచుండిరి.

1861 ఏప్రిల్ నెలలో దేశము రెండుగా చీలెను. బానిసత్వమును విడువ నిష్టపడని దక్షిణ రాష్ట్రములు వేరు ప్రభుత్వమును స్థాపించుకొని, సమ్టరు కోటపై ఫిరంగులు కాల్చెను. అధ్యక్షుడు అబ్రహాం లింకను స్వచ్ఛంద సైనికులను పిలిచెను. గలీనాలో సైనికవిద్య తెలిసినవాడు గ్రాంటు ఒక్కడే. అల్లరిచిల్లరగా ఉన్న ఒక దళమును ఆయనకు అప్పగింపగా, కొద్ది వారములలోనే దానిని క్రమశిక్షణలోనికి తెచ్చెను. కేకలు, శాపనార్థములు ఆయన నోట రావు. చెప్పవలసిన మాట నెమ్మదిగా, తేటగా చెప్పును. చెప్పిన దానిని తప్పక జరిపించును.

1862 ఫిబ్రవరిలో గ్రాంటు డోనెల్సన్ కోటను ముట్టడించెను. కోటలోని సేనాని షరతులేమని అడుగగా, ఏ షరతులును లేక లొంగిపోవలసినదే అని గ్రాంటు బదులు పంపెను. 12,000 మందికి పైగా సైనికులు పట్టుబడిరి. లొంగిపోయిన ఆ సేనాని మరెవ్వరో కాదు; న్యూయార్కులో హోటలు బాకీకి పూచీపడిన బక్నరే. యుద్ధధర్మమున గ్రాంటు స్నేహితుడని సడలింపు చూపలేదు. కాని పని ముగిసిన పిదప బక్నరును ప్రక్కకు పిలిచి, చెరలో ఖర్చులకు అవసరమగునేమో యని తన డబ్బుసంచి అతని ముందు పెట్టెను.

ఉత్తర రాష్ట్రములకు అదియే మొదటి పెద్ద విజయము. యుద్ధసమయమున గ్రాంటు నోట చుట్ట ఉండెనని పత్రికలు వ్రాయగా, ఆనందించిన ప్రజలు దేశము నలుమూలలనుండి వేలకొలది చుట్టలు కానుకగా పంపిరి. అంతవరకు కొద్దిగా ఉన్న అలవాటు అప్పటినుండి విపరీతమయ్యెను. అభిమానులిచ్చిన ఆ కానుక ఆయనకు హాని చేసినది.

ఏప్రిల్ నెలలో షైలో వద్ద శత్రువులు అకస్మాత్తుగా పైబడిరి. గ్రాంటు తగినంత జాగరూకత వహింపలేదు. మొదటి దినము సాయంకాలమునకు ఆయన సేన నదీతీరమువరకు తరుమబడెను. ఆ రాత్రి కుండపోతగా వాన కురిసెను. తలదాచుకొనుటకు ఉన్న ఒకే ఇంటిని వైద్యులు ఆసుపత్రిగా చేసిరి. క్షతగాత్రుల వేదన చూడజాలక గ్రాంటు మరల వచ్చి చెట్టుక్రింద వానలోనే రాత్రి గడిపెను. తెల్లవారగనే ఎదురుదాడి సాగించి గెలిచెను. రెండు దినములలో ఇరువైపుల చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిసి 23,000 మందికి పైబడిరి. గ్రాంటును తొలగింపుమని పలువురు కోరినను, పోరాడు సేనానిని వదలుకొనుటకు లింకను ఒప్పుకొనలేదు.

గ్రాంటు తప్పు చేయనివాడు కాడు. 1862 డిసెంబరులో, కొందరు వర్తకుల అక్రమములకు కోపించి, తన అధికారములోనున్న ప్రాంతమునుండి యూదులందరును వెడలిపోవలెనని ఆజ్ఞాపించెను. కొందరి దోషమునకు ఒక జాతినంతను శిక్షించుట అన్యాయమని లింకను ఆ ఆజ్ఞను రద్దుచేయించెను. గ్రాంటు తన తప్పు తెలిసికొని సిగ్గుపడెను. అధ్యక్షుడైన తరువాత యూదులను పెక్కు పదవులలో నియమించి ఆ తప్పును దిద్దుకొన ప్రయత్నించెను.

1863లో విక్స్‌బర్గు కోటను 47 దినములు ముట్టడించి జూలై 4న వశపరచుకొనెను. మిసిసిపీ మహానది అంతయు ఉత్తరాది చేతికి చిక్కెను. ఈ దండయాత్రలో పెద్దకొడుకు ఫ్రెడరిక్కు తండ్రి వెంటనే ఉండెను. పదుమూడేండ్లు ఇంకను నిండని ఆ బాలునకు కాలికి తుపాకిగుండు కూడ తగిలెను. వీలుచిక్కినప్పుడెల్ల జూలియా పిల్లలతో శిబిరమునకు వచ్చెడిది. ఆమె చెంతనున్నంతకాలము గ్రాంటు మనస్సు నిశ్చలముగా ఉండెడిది. దూరమున ఉన్నప్పుడు తరచుగా ఉత్తరములు వ్రాసెడివాడు.

1864 మార్చిలో లింకను ఆయనను సర్వసేనానిగా నియమించెను. ఆ గౌరవమందుటకు గ్రాంటు కుమారునితో వాషింగ్టను చేరి ఒక పెద్ద హోటలుకు పోయెను. దుమ్ముపట్టిన దుస్తులతో నిలిచిన ఆ పొట్టిమనిషిని చూచి గుమాస్తా పై అంతస్తున ఒక చిన్నగది ఉన్నదని చెప్పెను. గ్రాంటు మారుమాటాడక పుస్తకములో పేరు వ్రాసెను. ఆ పేరు చదివిన గుమాస్తా కలవరపడి, హోటలులోని మేలైన గది ఇప్పించెను. ఏ గదియైనను గ్రాంటునకు సమానమే.

ఆ యేడు దక్షిణ సేనాని రాబర్టు లీతో ఘోరయుద్ధములు సాగెను. కోల్డ్ హార్బరు వద్ద జరిపించిన దాడిలో వేలకొలది సైనికులు స్వల్పకాలములో నేలకూలిరి. ఆ దాడి చేయించినందుకు గ్రాంటు జీవితాంతము పశ్చాత్తాపపడెను. చివరకు 1865 ఏప్రిల్ 9న అప్పొమాటాక్సు గ్రామములో లీ లొంగిపోయెను. లీ నిండు సైనికవేషముతో, అందమైన ఖడ్గముతో వచ్చెను. గ్రాంటు బురదపడిన సామాన్య సైనికుని చొక్కాతో వచ్చెను. గెలిచినవాడెవడో, ఓడినవాడెవడో వేషము చూచి చెప్పుట కష్టము.

గ్రాంటు విధించిన షరతులు ఉదారమైనవి. ఎవ్వరిని చెరపెట్టక ఇండ్లకు పంపుటకు నిర్ణయించెను. అధికారులు తమ ఖడ్గములను ఉంచుకొనవచ్చును. గుఱ్ఱములు, కంచరగాడిదలు సొంతముగా కలవారు వానిని ఇండ్లకు తోలుకొనిపోవచ్చును. వసంతమున దుక్కికి అవి కావలసియుండునని పొలము దున్నిన గ్రాంటునకు తెలియును. ఆకలితో నున్న లీ సైన్యమునకు 25,000 మందికి సరిపడు ఆహారమును పంపెను. తన శిబిరమున విజయసూచకముగా ఫిరంగులు కాల్చుచుండగా వెంటనే మాన్పించెను. ఓడినవారు తిరిగి తోటిపౌరులైరి. వారి పతనమున సంతోషించుట తగదని ఆయన అభిప్రాయము. కొన్నాళ్ళకు లీపై రాజద్రోహనేరము మోపబడగా, తాను ఇచ్చినమాటకు భంగము వచ్చినచో పదవినే వదలెదనని అప్పటి అధ్యక్షునకు చెప్పి ఆ విచారణను ఆపించెను.

లీ లొంగిపోయిన అయిదవనాడు, ఏప్రిల్ 14న, లింకను దంపతులు గ్రాంటు దంపతులను నాటకమునకు రమ్మని పిలిచిరి. పిల్లలను చూచి చాలకాలమైనదని చెప్పి గ్రాంటు సెలవు తీసికొని భార్యతో రైలెక్కెను. ఆ రాత్రియే నాటకశాలలో లింకను హతుడయ్యెను. తాను అక్కడ ఉన్నచో ఆ హత్యను ఆపగలిగియుందునేమో యను విచారము గ్రాంటును చాలకాలము వేధించెను.

గ్రాంటు 1869 నుండి 1877 వరకు దేశాధ్యక్షుడుగా ఉండెను. విముక్తులైన నీగ్రోలకు ఓటుహక్కునిచ్చు రాజ్యాంగసవరణ 1870లో అమలులోనికి వచ్చుటకు ఆయన తోడ్పడెను. ముసుగులు ధరించి వారిని హింసించుచున్న కూక్లక్సు క్లాను అను ముఠాను 1871లో కఠినచట్టములతో అణచెను. ఇంగ్లండుతో వచ్చిన వివాదమును యుద్ధము లేకుండ మధ్యవర్తుల తీర్పునకు విడిచెను. 1872లో జెనీవా నగరమున కూడిన న్యాయమండలి అమెరికాకు 1 కోటి 55 లక్షల డాలర్లు పరిహారముగా ఇప్పించెను. ఇన్ని మంచిపనులు చేసినను ఆయన పరిపాలనకు మచ్చ తప్పలేదు. నమ్మిన అనుచరులు పలువురు లంచములకు పాల్పడిరి. గ్రాంటు స్వయముగా ఒక్క డాలరు కాజేయలేదు. కాని స్నేహితులను శంకింపలేకపోయెను.

పదవి దిగిన పిదప భార్యతో భూప్రదక్షిణము చేసెను. 1879లో మన దేశమునకును వచ్చి బొంబాయి, ఆగ్రా, ఢిల్లీ, కలకత్తా మున్నగు నగరములను చూచెను. రాజులు, మంత్రులు ఆయనను గౌరవించిరి. స్వదేశమునకు తిరిగివచ్చి న్యూయార్కున స్థిరపడెను.

అక్కడ ఆయన రెండవ కుమారుడు ఫెర్డినాండు వార్డు అను యువకునితో కలిసి వడ్డీవ్యాపారసంస్థ నడుపుచుండెను. గ్రాంటు కూడ తన సొమ్మంతయు అందులో పెట్టి, తన పేరును వాడుకొననిచ్చెను. లెక్కలు చూచెడివాడు కాడు. వార్డు ఒకరి సొమ్ము తెచ్చి మరొకరికి లాభముగా చూపుచు అందరిని మోసగించుచుండెను. 1884 మే నెలలో, సంస్థను ఒక్కదినము ఆదుకొనవలెనని వార్డు చెప్పగా నమ్మి, గ్రాంటు ధనవంతుడైన విలియం వాండర్‌బిల్టు వద్ద లక్షా యేబదివేల డాలర్లు బదులు తెచ్చి ఇచ్చెను. రెండు దినములలో సంస్థ కూలిపోయెను. సైనిక పదవి విడిచి అధ్యక్షుడైనందున ఆయనకు సైనికుల పింఛనును లేదు. మాజీ అధ్యక్షులకు పింఛనిచ్చు పద్ధతి అప్పటికి ఏర్పడలేదు. గుఱ్ఱపుపిల్లను బేరమాడిన బాలుని అమాయకత్వము అరువదిరెండేండ్ల వృద్ధుని నట్టేట ముంచెను.

వాండర్‌బిల్టు బాకీ అడుగలేదు. కాని గ్రాంటు దంపతులు తమ ఇండ్లను, విజయఖడ్గములను, దేశదేశముల కానుకలను, పతకములను సైతము ఆయనకు వ్రాసి ఇచ్చివేసిరి. తిరిగి తీసికొమ్మని ఎంత వేడినను ఒప్పుకొనలేదు. ఆ కానుకలు చివరకు జాతీయ వస్తుప్రదర్శనశాలకు చేరెను.

పొట్ట గడచుటకు గ్రాంటు ఒక మాసపత్రికకు షైలో యుద్ధమును గూర్చి వ్యాసము వ్రాసెను. మొదటి ప్రతి సర్కారు నివేదికవలె ఎండిపోయియుండెను. సంపాదకుడు సూచనలు చేయగా, విద్యార్థివలె విని తిరిగి వ్రాసెను. అరువది దాటిన వయసున ఆయన రచన నేర్చుకొనెను. తన జీవితచరిత్రను గ్రంథముగా వ్రాయ సంకల్పించెను. ఆ వేసవిలో ఒకనాడు పీచ్ పండు కొరికి మ్రింగగా గొంతులో భరింపరాని నొప్పి కలిగెను. అక్టోబరులో వైద్యులు పరీక్షించి అది రాచపుండని తేల్చిరి. ఆ వ్యాధికి అప్పుడు చికిత్స లేదు.

ఇక పందెము మృత్యువుతో. గ్రంథము ముగియక మునుపే ప్రాణము పోయినచో జూలియాకు ఇల్లు లేదు, ఆదాయము లేదు. పత్రికవారు గ్రంథమునకు నూటికి పదివంతులు ఇత్తుమనిరి. ఈ సంగతి విన్న ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేను అది అన్యాయమని చెప్పి, నికరలాభమున నూటికి 70 వంతులు ఇచ్చుటకు 1885 ఫిబ్రవరిలో ఒప్పందము చేసికొనెను. మార్చి 4న ప్రభుత్వము గ్రాంటునకు సేనాని హోదాను, వేతనమును పునరుద్ధరించెను.

గ్రాంటు దినదినము వ్రాసెను. మంచినీరు మ్రింగుట కూడ కరిగిన సీసము మ్రింగినట్లుండెను. పడుకొనినచో ఊపిరాడక, ఎదురెదురుగా వేసిన రెండు కుర్చీలలో కూర్చుండి రాత్రులు గడపెడివాడు. కొంతకాలము చెప్పుచుండగా మరొకరు వ్రాసికొనిరి. గొంతు పోయిన తరువాత స్వయముగా పెన్సిలుతో వ్రాసెను. కొడుకు ఫ్రెడరిక్కు పాతకాగితములు వెదకి తేదీలను సరిచూచి ఇచ్చెడివాడు. జూన్ 16న ఆయనను చల్లనిగాలి కొఱకు మెక్‌గ్రెగరు కొండపై ఒక కుటీరమునకు తీసికొనిపోయిరి. శాలువ కప్పుకొని, తలకు ఉన్నిటోపి పెట్టుకొని, వరండాలో కూర్చుండి పుటలు దిద్దుచున్న ఆ వృద్ధసైనికుని చూచుటకు జనులు కొండ ఎక్కి వచ్చి, నిశ్శబ్దముగా టోపీలు తీసి నమస్కరించి పోయెడివారు.

జూలై 10న బక్నరు వచ్చెను. హోటలు బాకీకి పూచీపడిన మిత్రుడు, డోనెల్సన్ కోటలో లొంగిపోయిన శత్రువు, ఇప్పుడు తెల్లజుట్టుతో ప్రక్కన కూర్చుండెను. గ్రాంటునకు మాటలేదు, చీటీలపై వ్రాసి చూపెను. ఉత్తర దక్షిణములవారు తిరిగి ఒక్కటగుట కన్నులార చూచితినను తృప్తి ఆ చీటీలలో కనబడెను. గ్రంథమును కూడ ఆయన ఏ ఒక్క పక్షమునకును గాక, అమెరికా సైనికులకును, నావికులకును అంకితము చేసెను.

జూలై మూడవవారమున గ్రంథము ముగిసెను. కొలది దినములకే, జూలై 23వ తేదీ ఉదయము, భార్యాబిడ్డలు చుట్టు నిలిచియుండగా గ్రాంటు కన్నుమూసెను. ఆగస్టు 8న న్యూయార్కులో జరిగిన అంత్యయాత్రలో ఉత్తరాది సేనానులైన షెర్మను, షెరిడనులతో కలిసి దక్షిణాది సేనానులైన జాన్‌స్టను, బక్నరు శవవాహకగౌరవము వహించిరి.

1,200 పుటలకు మించిన ఆ గ్రంథము రెండు సంపుటములుగా వెలువడి దేశమంతట అమ్ముడయ్యెను. 1886 ఫిబ్రవరిలో ప్రకాశకులు జూలియాకు 2,00,000 డాలర్ల చెక్కునిచ్చిరి. మొత్తము మీద ఆ కుటుంబమునకు సుమారు నాలుగున్నర లక్షల డాలర్లు ముట్టెను. ఆడంబరము లేక సూటిగా సాగు ఆ రచనను పండితులు ఇప్పటికిని ఉత్తమ గ్రంథములలో చేర్చుచున్నారు.

భార్యను తన ప్రక్కన ఉంచుటకు వీలులేని చోట తనను పూడ్చవలదని గ్రాంటు కోరియుండెను. వెస్ట్ పాయింటులో అట్టి వీలులేదు. కావున న్యూయార్కు నగరమున హడ్సను నదీతీరమున సమాధి కట్టిరి. 1902లో జూలియా మరణించినప్పుడు ఆమెను అక్కడనే భర్త చెంత ఉంచిరి. గ్రాంటు గెలిచిన యుద్ధములను గూర్చి చరిత్రకారులు ఇంకను వాదించుచునే ఉన్నారు. మెక్‌గ్రెగరు కొండపై గెలిచిన చివరి యుద్ధమును గూర్చి వాదించువారు లేరు.